అనంతపురం వాన లెక్క: మిల్లీమీటర్లు చెప్పని సంగతులు

అనంతపురం జిల్లా పేరెత్తగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని. ఉపన్యాసాల్లోనూ పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ వాక్యం లెక్కకు నిలవదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం 553 మి.మీ. జైసల్మేర్‌లో కురిసేది 200 మి.మీ. అటూ ఇటూ. ఆ రెండింటి నడుమ 300 మి.మీ. కూడా నిండని బికనేర్, బాడ్మేర్ ఉన్నాయి. లద్దాఖ్‌లోని లేహ్‌లో ఏడాది మొత్తానికి 100 మి.మీ. దాకా కురిస్తే అదే గొప్ప. దక్షిణ భారతంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటని చెబితే సరిపోతుంది, అది నిజం కూడా.

ఈ మాటను పట్టుకుని మొదలుపెట్టడానికి కారణం ఉంది. ‘వాన తక్కువ’ అని చెప్పి ఊరుకుంటే ఈ నేల ఎదుర్కొంటున్న అసలు చిక్కు మరుగున పడిపోతుంది. 553 మి.మీ. వాన అంటే ఒక ఎకరా పొలం మీద ఏడాదిలో 22 లక్షల లీటర్లకు పైగా నీరు పడినట్టు. కొర్రకు, జొన్నకు, ఉలవకు, కందికి, ఆ మాటకొస్తే వేరుశనగకు కూడా ఆ నీరు అదనుకు అందితే చాలు. అది ఏ నెలలో వస్తుంది, ఒక వానకూ మరో వానకూ మధ్య ఎన్ని రోజుల ఎడం ఉంటుంది, పడిన నీరు మట్టిలో ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబులే ఇక్కడి కరువుకు మూలం. ఏడాది మొత్తం లెక్కలో ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి ఏర్పరచిన అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. గాలులకూ మబ్బులకూ ఆ సరిహద్దు తెలియదు గనుక ఈ వ్యాసంలో అనంతపురం అన్నచోటల్లా ఉమ్మడి జిల్లా అనే అర్థం చేసుకోవాలి.

రెండు కనుమల నడుమ

జిల్లా వాతావరణాన్ని నిర్ణయించేది మొదటగా దాని చోటు. పడమట పశ్చిమ కనుమలు గోడలా నిలిచి ఉన్నాయి. అరేబియా సముద్రం నుంచి తేమతో వచ్చే నైరుతి గాలి ఆ గోడను ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీటిలో పెద్ద భాగాన్ని పడమటి వాలు మీదే కుమ్మరిస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మి.మీ.కు పైగా వాన పడుతుంది. అక్కడికీ అనంతపురం పట్టణానికీ మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 300 కిలోమీటర్లే. ఆ కొద్ది దూరంలోనే వాన పదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. కనుమలు దాటిన గాలి తూర్పు వైపుకు దిగేటప్పుడు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బు కట్టడం కష్టం, కట్టిన మబ్బు నిలవడం ఇంకా కష్టం. దీన్నే వర్షచ్ఛాయ అంటారు.

తూర్పు వైపు సంగతి వేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు తీరాన్ని ముంచెత్తుతాయి. అక్కడి 1,000 మి.మీ.కు పైబడిన వార్షిక వర్షపాతంలో పెద్ద వాటా వాటిదే. కానీ తీరం నుంచి అనంతపురానికి 250 కిలోమీటర్ల దూరం ఉంది, మధ్యలో వెలికొండలు, పాలకొండలు, శేషాచలం కొండలు అడ్డుగా ఉన్నాయి. అందువల్ల తూర్పు వానలో కూడా జిల్లాకు చివరి బంతి వాటానే దక్కుతుంది. రెండు రుతుపవనాలూ చేరే చోటే ఇది, అయితే రెండింటికీ ఇది కొసే.

జిల్లా అంతా ఒకే తీరుగా కూడా ఉండదు. దక్షిణాన మడకశిర, హిందూపురం ప్రాంతం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉంటే, అనంతపురం పట్టణం 340 మీటర్ల దగ్గర, ఈశాన్య మూలన తాడిపత్రి 250 మీటర్ల లోపు ఉన్నాయి. అందుకే మే నెలలో తాడిపత్రిలో రాత్రి కూడా సెగ తగ్గని రోజుల్లో, రొళ్ల, అగళి వైపు తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసి వస్తుంది.

ఏడాది మొదలయ్యేది మేలో

క్యాలెండర్ జనవరిలో మొదలైనా, ఇక్కడి సేద్యపు ఏడాది మొదలయ్యేది మేలోనే. సూర్యుడు ఈ అక్షాంశాల మీదుగా ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బు, గాలి ఎండను కాస్త ఆపుతాయి గానీ ఏప్రిల్, మే నెలల్లో ఆపేదేమీ లేదు. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెత తెలుగునాట అంతటా ఉన్నదే, ఇక్కడి ఎర్ర గరప నేలల మీద మిట్ట మధ్యాహ్నం నిలబడినవారికి అది అతిశయోక్తిగా తోచదు.

ఆ వేడే తొలి వానలకు కారణమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్య భారతం నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా, పడమటి నుంచీ తూర్పు నుంచీ వీచే గాలులు కలుసుకునే రేఖ ఒకటి తరచుగా ఏర్పడుతుంది. దాని దరిదాపుల్లో మధ్యాహ్నం దాకా కాగిన నేల మీది గాలి నిట్టనిలువుగా లేచి, సాయంత్రానికి నల్లని మబ్బై పేరుకుంటుంది. ముందు దుమ్ము లేపే ఈదురుగాలి వస్తుంది, వెనుక పెద్ద పెద్ద చినుకులు, ఒక్కోసారి వడగండ్లు. అరగంటలో అంతా ముగిసిపోతుంది. మామిడి రాలుతుంది, అరటి తోటలు నేలకొరుగుతాయి, అయినా రైతు ఈ వానను తిట్టుకోడు. జనవరి నుంచి మే దాకా కురిసే 60 మి.మీ. లోపు వానలో ఎక్కువ భాగం ఇదే, దీనితోనే వేసవి దుక్కులు పడతాయి. దున్నిన నేల తరువాతి వానను తాగుతుంది, దున్నని నేల దాన్ని జారవిడుస్తుంది.

ఇక్కడ కార్తెల గురించి రెండు మాటలు అవసరం. చైత్రం, వైశాఖం వంటి నెలలు చంద్రుడి లెక్కవి గనుక అధిక మాసం వచ్చిన ఏట రుతువుతో పొత్తు తప్పుతాయి. కార్తెలు అలా కాదు. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కొక్కదాన్ని దాటే కాలం ఒక్కో కార్తె, అంటే సుమారు 13, 14 రోజులు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి, ఒక తరం గడిచినా ఒక రోజుకు మించి తేడా రాదు. వాన రుతువును పక్షానికో గడిగా కోసిన ఈ పట్టిక వ్యవసాయానికి ఎంత పనికొస్తుందో, వారం వారం వర్షపాతాన్ని గమనించే నేటి వ్యవసాయ వాతావరణ శాస్త్రాన్ని చూస్తే అర్థమవుతుంది. కొలిచే పద్ధతులు వేరు గానీ రెండూ అడిగేది ఒక్కటే: ఈ పక్షంలో వాన పడిందా లేదా?

రుతుపవనం వస్తుంది, వాన రాదు

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మొదటి వారంలోనే రాయలసీమను తాకుతాయి. ఆ వార్త వినగానే మిగతా రాష్ట్రంలో ముసురు మొదలైనట్టు ఊహించుకుంటాం. అనంతపురంలో మొదలయ్యేది గాలి. జూన్, జులై నెలల్లో పడమటి గాలి రాత్రింబగళ్లు ఆగకుండా వీస్తుంది. తలమీద మబ్బులు కనిపిస్తూనే ఉంటాయి, తూర్పుకు పరుగులు తీస్తూనే ఉంటాయి, చినుకు రాలదు. ఆకాశం మబ్బుగా ఉండి, గాలి చల్లగా ఉండి, నేల మాత్రం రోజురోజుకూ ఆరిపోతూ ఉండే ఈ వింత కాలాన్ని బయటి ప్రాంతాల వారికి వివరించడం కష్టం.

నెలవారీ సాధారణ వర్షపాతం చూస్తే సంగతి తేటపడుతుంది. జూన్‌లో సుమారు 64 మి.మీ., జులైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118, అక్టోబరులో 111. తెలంగాణలోనూ కోస్తా ఉత్తర భాగంలోనూ జులై, ఆగస్టు నెలలు వానాకాలపు నడిబొడ్డు కాగా, ఇక్కడ అవి అసలు వానకు ఎదురుచూసే కాలం. నాలుగు నెలల నైరుతి కాలంలో పడే 338 మి.మీ.లో మూడో వంతుకు పైగా చివరి నెలదే.

ఎందుకిలా? నైరుతి రుతుపవనం చురుగ్గా ఉన్నప్పుడు బంగాళాఖాతం ఉత్తర భాగంలో అల్పపీడనాలు పుట్టి ఒడిశా మీదుగా మధ్యప్రదేశ్ వైపు కదులుతాయి. వాటి చుట్టూ తిరిగే గాలులకు తోడుగా, దక్షిణ ద్వీపకల్పం మీద నేలకు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున పడమటి గాలి ధార బలపడుతుంది. ఆ ధార బలపడిన కొద్దీ కనుమల పడమటి వాలు మీద వాన పెరుగుతుంది, తూర్పు వాలున గాలి దిగుడు కూడా పెరుగుతుంది. అంటే దేశానికి మంచి వానలు పడుతున్నాయని వార్తలు వచ్చే రోజుల్లోనే అనంతపురం ఎండిపోయే అవకాశం ఎక్కువ. దీనికి వ్యతిరేకంగా, రుతుపవన ద్రోణి, అంటే వానలను వెంటబెట్టుకుని ఉండే తక్కువ పీడనపు పట్టీ, హిమాలయ పాదాల వైపు జరిగిపోయి మధ్య భారతంలో వానలు నిలిచిపోయినప్పుడు, దక్షిణాన గాలి నెమ్మదించి, తమిళనాడులోనూ రాయలసీమలోనూ సాయంత్రపు ఉరుముల వానలు పుంజుకోవడం తరచుగా కనిపించే విషయం. ‘దేశవ్యాప్తంగా సాధారణ వర్షపాతం’ అన్న ముందస్తు అంచనాను అనంతపురం రైతు తనకు వర్తింపజేసుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఇదే గాలి మరో విధంగా అక్కరకొచ్చింది. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వెలిశాయి, ఆ తర్వాత కదిరి, ఉరవకొండ, తాడిపత్రి వైపు విస్తరించాయి. ఆ మరలు ఎక్కువ కరెంటు ఇచ్చే నెలలే, కింద ఉన్న పొలాలకు ఎక్కువ తేమ పోయే నెలలు. జిల్లా వాయవ్యాన వేదవతి నది వెంట కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో అయితే ఎండిన నది గర్భం నుంచి లేచిన ఇసుక ఈ గాలికి కొట్టుకొచ్చి పొలాల మీద మేటలు వేస్తోంది. జైసల్మేర్ పోలిక జిల్లా అంతటికీ సరిపోకపోయినా, ఆ కొద్ది ఊళ్లలో నిలబడి చూసినవారికి అది ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

బెట్ట

రాయలసీమలో రెండు వానల మధ్య వచ్చే ఎండు విరామాన్ని బెట్ట అంటారు. జిల్లా కరువు చరిత్రను ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ మాటే చెబుతాను. దాన్ని దగ్గరగా చూడాలంటే ఒక వేరుశనగ చేనులోకి దిగాలి. ఒక దశలో 8 లక్షల హెక్టార్లకు పైగా సాగైన పంట అది.

జులై రెండో వారంలో ఒక మంచి పదును వాన పడిందనుకుందాం. రైతు మడక దున్నిన సాలులో మట్టిని పిడికిట పట్టి నొక్కుతాడు. ముద్ద కట్టి, వేలితో తాకితే విరిగేట్టు ఉంటే విత్తనానికి పదును చాలినట్టు. గొర్రుతో విత్తుతారు, వారంలో మొలక వస్తుంది. మొదటి మూడు వారాలు వాన లేకపోయినా పెద్ద నష్టం లేదు. కొద్దిపాటి బెట్ట వేరును లోతుకు దింపుతుందని రైతులు అంటారు, శాస్త్రవేత్తలు కూడా కాదనరు. నాలుగో వారం నుంచి పసుపు పువ్వులు మొదలవుతాయి. అసలు గండం ఆ తరువాతే.

పువ్వు రాలిన చోటు నుంచి సూది మొనలాంటి ఊడ బయల్దేరి, నేల వైపు వంగి, మట్టిలోకి దిగుతుంది. నాలుగైదు సెంటీమీటర్ల లోతున చీకటిలో చేరిన తరువాతే దాని కొన కాయగా ఊరడం మొదలవుతుంది. ఆగస్టు రెండో పక్షంలో ఇరవై రోజులు వాన లేకపోతే ఎర్ర నేల పైపొర పెంకులా గట్టిపడుతుంది. ఊడ కొన ఆ పెంకును తాకి, దిగలేక, మాడి నల్లబడుతుంది. మధ్యాహ్నం వేళ చేనులో చూస్తే ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుని నిలబడి ఉంటాయి, సాయంత్రానికి విచ్చుకుంటాయి. దూరం నుంచి చూసేవారికి చేను పచ్చగానే కనిపిస్తుంది. మొక్క పెరికి చూస్తే తెలుస్తుంది, పదిహేను కాయలు ఉండవలసిన చోట రెండో మూడో ఉంటాయి. అప్పటికే మట్టిలో చేరిన కాయలకు కూడా గింజ నిండడానికి కావలసిన కాల్షియం నేలలోని తేమ ద్వారానే, నేరుగా కాయ పొట్టు గుండానే అందాలి. తేమ లేకపోతే కాల్షియం కోసం వేసిన జిప్సం వేసినట్టే ఉండిపోతుంది, కాయ లొట్ట పోతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. రెండు సంవత్సరాలు ఊహించుకోండి. రెండింటిలోనూ నైరుతి కాలంలో సరిగ్గా 340 మి.మీ. వానే పడింది. మొదటి ఏడు ఆ వాన పది పన్నెండు రోజులకోసారి పదును చేస్తూ వచ్చింది. రెండో ఏడు జులైలో రెండు పెద్ద వానలు పడి, నెలన్నర బెట్ట తరువాత సెప్టెంబరు నెలాఖరున నాలుగు రోజుల్లో 150 మి.మీ. కుమ్మరించింది. వర్షపాత పట్టికలో రెండూ ‘సాధారణం’ గడిలోనే నమోదవుతాయి. మొదటి ఏట ఇంటికి కాయ వస్తుంది, రెండో ఏట పశువులకు కట్టె, అంటే కాయ లేని ఎండు మొక్క, మిగులుతుంది, అది కూడా కోత సమయంలో తడిసి బూజు పట్టకపోతే.

మఖ, పుబ్బ కార్తెలు వరుపైతే మహా కరువని సామెత. ఇది ఈ జిల్లాలోనే పుట్టిందని చెప్పలేం, వరి పండే సీమల్లోనూ వినిపిస్తుంది. కానీ ఆ రెండు కార్తెలు ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 12 దాకా నడుస్తాయి. జులైలో విత్తిన శనక్కాయకు ఊడలు దిగి కాయ ఊరే కాలం సరిగ్గా అదే.

మరి ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుందని తెలిసినప్పుడు విత్తనాన్నే ఒక నెల వెనక్కి జరపవచ్చు కదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు పట్టికలో అక్టోబరు తరువాతి గడుల్లో ఉంది. నవంబరులో సాధారణ వర్షపాతం 35 మి.మీ. దగ్గరికి, డిసెంబరులో 10 మి.మీ.కి పడిపోతుంది. ఆగస్టు నడుమ దాటి విత్తితే కాయ ఊరే వేళకు వాన వెళ్లిపోతుంది. మరీ ముందు విత్తితే జులై గాలికి చేను ఆరిపోతుంది, సరిగ్గా కోత వేళకు అక్టోబరు వాన ముంచుతుంది, గుత్తిగా పెరిగే రకాల్లో తడిసిన కాయ నేలలోనే మొలకెత్తుతుంది. ఈ రెంటి మధ్య దొరికే సందు నాలుగైదు వారాలకు మించదు, ఆ వారాల్లో పదును వాన పడుతుందన్న హామీ లేదు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాల మీద రైతులు ఆశ పెట్టుకోవడానికి కారణం ఇదే. బెట్టకు తాళుకోవడం, వాన రాగానే తేరుకోవడం ఇక్కడ దిగుబడి కన్నా ముందు చూసుకోవలసిన గుణాలు.

పడిన వాన ఎక్కడికి పోతుంది

జిల్లా నేలల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఎర్ర నేలలే. చాలాచోట్ల అడుగు, అడుగున్నర మట్టి కిందే రాయి తగులుతుంది. ఇలాంటి నేల చిన్న గిన్నె వంటిది. ఎంత పెద్ద వాన పడినా గిన్నె పట్టినంతే పడుతుంది, మిగిలింది వంకల్లోకి పోతుంది. ఆ పట్టిన నీటిని కూడా గాలి, ఎండ కలిసి రోజుకు 5 మి.మీ. పైనే లాగేయగలవు. జులైలో పడే 67 మి.మీ.ను నెల రోజులకు పంచితే రోజుకు రెండు మి.మీ. చిల్లర వస్తుంది. రాబడి రెండు, ఖర్చు అయిదు. ఏడాది మొత్తం మీద చూసినా ఇక్కడి వాతావరణం ఆవిరి చేయగల నీరు, పడే వానకు మూడు రెట్లకు మించి ఉంటుంది.

నల్లరేగడి సంగతి పూర్తిగా వేరు. ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి, యాడికి వైపు ఉన్న ఆ నేలలు లోతైనవి, నీటిని పట్టి వారాల తరబడి దాచుకుంటాయి. అక్కడి రైతు సెప్టెంబరు వానలకు నేలను నానబెట్టి, అక్టోబరులో పప్పుశనగ విత్తి, ఆ తరువాత ఒక్క వాన పడకపోయినా దాచిన తేమతోనూ శీతాకాలపు మంచుతోనూ పంట తీయగలడు. ఒకే వాన, ఒకే జిల్లా, యాభై కిలోమీటర్ల దూరంలో రెండు వేర్వేరు వ్యవసాయాలు. వర్షపాతం ఒక్కదాన్నే చూసి కరువును అంచనా వేయరాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఉత్తర నుంచి స్వాతి దాకా

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. సెప్టెంబరు 13 ప్రాంతంలో వచ్చే ఉత్తర కార్తె దాకా ఎదురుచూసి, అప్పటికీ వాన లేకపోతే తట్టాబుట్టా సర్దుకుని వలస పోవలసిందేనని భావం. సాధారణంగా సెప్టెంబరులోనే జిల్లాకు పెద్ద వాన వస్తుంది. పడమటి గాలి అప్పటికి నెమ్మదిస్తుంది, నేల మీద తేమ ఉంటుంది, ఎండ మళ్లీ కాస్త తేలుతుంది. ఈ మూడూ కలిసినప్పుడు సాయంత్రాలు ఉరుములతో కూడిన వానలు పడతాయి, బంగాళాఖాతపు అల్పపీడనాలు కూడా అప్పటికి దక్షిణ మార్గం పడతాయి. అక్టోబరు నడుమకు నైరుతి వెనుదిరిగి, 20వ తేదీ ప్రాంతంలో ఈశాన్య గాలులు స్థిరపడతాయి. అందువల్ల ఉత్తరలో కూడా చినుకు రాలలేదంటే ఆ ఏటి వానల్లో అన్నిటికన్నా నమ్మదగిన భాగమే చేజారుతోందని అర్థం. కదిరి, నల్లచెరువు వైపు నుంచి బెంగళూరుకు, ఇంకా దూరాలకు కుటుంబాలు కదిలిపోయేది అలాంటి ఏళ్లలోనే. ఉండిపోయినవారు ఉలవ, అలసంద, జొన్న వంటి ప్రత్యామ్నాయ పంటలు చల్లి మేతైనా దక్కించుకుంటారు.

ఈ ఆఖరి వానలు కరువు జిల్లాను వరద జిల్లాగా మార్చే శక్తి గలవి. గుండెలు తరుక్కుపోయే ముసలమ్మ కథ గుర్తుకు తెచ్చుకోండి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ఆమె బలి అయిందని చెప్పుకుంటారు, ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. కరువుకు మారుపేరైన సీమలో జనం తరతరాలుగా మోసుకొచ్చిన కథ వరద కథ కావడం ఆలోచించవలసిన విషయం. 2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటిన వాయుగుండం ప్రభావంతో చిత్రావతి పొంగి, నది నడుమ చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టర్‌తో బయటికి తేవలసి వచ్చింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలోని కాలనీలు నీట మునిగాయి. వంక ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉంటుంది గనుక దాని దారిలో ఇళ్లు లేస్తాయి, పన్నెండో నెలలో అది తన దారి తాను అడుగుతుంది.

విజయనగర కాలం నుంచి ఈ సీమలో గొలుసుకట్టుగా చెరువులు తవ్వినవారికి ఈ లెక్క తెలుసు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా అమర్చిన ఆ ఏర్పాటు, ఏటా సమంగా పడే వానను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. నాలుగు రోజుల్లో కుమ్మరించే వానను పది నెలలకు పంచడానికి చేసింది.

నవంబరు తరువాత చెప్పవలసింది తక్కువ. పొడి గాలి, తేటైన ఆకాశం, 16 డిగ్రీల దగ్గరకు దిగే రాత్రులు, మడకశిర మెట్టన ఇంకా చలి. ఫిబ్రవరి నడుమకే ఎండ మళ్లీ తన పని మొదలుపెడుతుంది.

కొలతలో దాగిన కరువు

వర్షమాపకం నోరు సాధారణంగా 200 చదరపు సెంటీమీటర్లు. అందులో 50 మిల్లీలీటర్ల నీరు, అంటే చిన్న టీ గ్లాసులో సగం, చేరితే 2.5 మి.మీ. వాన పడినట్టు లెక్క, ఆ రోజును ‘వర్షపు రోజు’ అంటారు. అనంతపురంలో అలాంటి రోజులు ఏడాదికి సగటున నలభై లోపే. ఉదయం 8.30 గంటలకు తీసే ఆ ఒక్క కొలత మండలమంతటికీ వర్తిస్తుంది. సాయంత్రపు ఉరుము మబ్బు అడుగు వెడల్పు కొన్ని కిలోమీటర్లకు మించదు గనుక, మండల కేంద్రంలో 40 మి.మీ. నమోదైన రోజున పొలిమేర ఊళ్లో దుమ్ము కూడా అణగకపోవచ్చు. ఆ ఊరి రైతుకు పట్టికలో తన కరువు కనిపించదు.

భారత వాతావరణ శాఖ లెక్కలో సాధారణానికి 19 శాతం ఎక్కువ తక్కువల దాకా ఉన్న వాన ‘సాధారణమే’. 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే ‘లోటు’, 60కి పైగా తగ్గితే ‘తీవ్ర లోటు’. నాలుగు నెలల మొత్తానికి ఈ గీటురాయి పెడితే బెట్ట ఎక్కడా బయటపడదు. 2016లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన కరువు నిర్వహణ మార్గదర్శకాలు వర్షపాతపు లోటుతో పాటు వరుసగా వాన లేని వారాలను కూడా లెక్కలోకి తీసుకోవడం అందుకే మంచి మలుపు. అయితే మూడు వారాల బెట్ట జూన్‌లో వస్తే ఒక అర్థం, ఆగస్టు చివర వస్తే ఇంకో అర్థం. నల్లరేగడిలో ఒక అర్థం, ఎర్ర గరపలో ఇంకో అర్థం. పంట దశను, నేలను పక్కన పెట్టి వారాలు లెక్కపెట్టడం సగం పనే అవుతుంది.

పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఎల్ నినో ఏళ్ల ప్రభావం కూడా ఇక్కడ సూటిగా ఉండదు. ఎల్ నినో నైరుతి వానలను బలహీనపరిచే వైపు మొగ్గుతుంది, ఈశాన్య వానలను పెంచే వైపు మొగ్గుతుంది. 2023 ఎల్ నినో ఏడాదిలో ఆగస్టు నెల, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. 2015లో అదే ఎల్ నినో ఉండగా నవంబరు, డిసెంబరు నెలల్లో చెన్నై మునిగింది. రెండు రుతుపవనాల కొసన ఉన్న జిల్లాకు ఇవి రెండూ వర్తించే సూచనలే. ఆగస్టు ఎండి, అక్టోబరు తడిసిన ఏడు మొత్తం మీద సాధారణంగానే లెక్కతేలుతుంది, వేరుశనగ పోయినా ఉలవ, పప్పుశనగ నిలబడతాయి.

రేకులకుంటలోని మెట్ట వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి రైతుకు అందే సలహాలు ఎక్కువగా ఈ వరుసలోనే ఉంటాయి. ఫలానా తేదీ లోపు పదును వాన పడితే శనక్కాయలో కంది సాళ్లు, అది దాటితే కొర్ర లేదా జొన్న, అదీ దాటితే ఉలవ. ఈ వరుసను అమలు చేయాలంటే ఆగస్టు నడుమ నాటికి ఉలవ విత్తనం ఊళ్లో సిద్ధంగా ఉండాలి. శనక్కాయ విత్తనం కోసం జూన్‌లో జరిగే హడావుడిలో పదో వంతైనా ఉలవ విత్తనం కోసం జరగాలి. వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, ఏ తేదీ దాటాక ఏ గింజ మట్టిలో పడాలో ఈ జిల్లాలో ఇప్పటికే తెలుసు.